పాల గిన్నె దగ్గర నిలబడండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తెనాలి. నాకు 39 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను, రోజూ బస్సులో వెళ్లొస్తాను. పాప పదో తరగతి, బాబు ఐదు. అత్తయ్యగారికి షుగర్, మా దగ్గరే ఉంటారు. అందరూ మైండ్‌ఫుల్‌నెస్ మైండ్‌ఫుల్‌నెస్ అంటుంటే ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని, తెల్లవారుజామున ఐదింటికి లేచి పది నిమిషాలు కూర్చోవడం మొదలుపెట్టాను. రెండో నిమిషానికే క్యారేజీల్లోకి ఏం కూర చెయ్యాలా అని ఆలోచన. ఇరవై మూడు రోజులు చేశాను, ఒక్కరోజు కూడా మనసు నిలవలేదు. మానేశాను. పోయిన వారం రెండుసార్లు పాలు పొంగిపోయాయి. ‘ధ్యానం మొదలుపెట్టాక నీకు మతిమరుపు ఎక్కువైంది’ అన్నారు మా వారు. అన్నిటికంటే బాధేసింది ఏంటంటే, మొన్న వంటింట్లో పాప ఏదో చెబుతుంటే ఊ కొడుతున్నాను. ‘నేనేం చెప్పానో చెప్పు చూద్దాం’ అంది. చెప్పలేకపోయాను. ఇంకేం మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయింది. పది రోజుల శిబిరానికి వెళ్తే బాగుపడతానా? ఇంటి పనుల మధ్యే చేసుకునే దారి ఏదైనా ఉందా? అసలు నా మనసు దీనికి పనికిరాదా?

జవాబు: మీ చివరి ప్రశ్నకి ముందు చెప్తాను, అది తేలకపోతే మిగతాదేదీ మీ చెవికెక్కదు. మీ మనసు పనికొస్తుంది. రెండో నిమిషంలో కూర గురించి ఆలోచిస్తున్నానని మీకు తెలిసింది కదా, మీరు వెతుకుతున్నది ఆ తెలియడమే. మనసు ఎటో పోవడం, పోయిందని తెలియడం, మళ్లీ ఊపిరి దగ్గరికి రావడం, మళ్లీ పోవడం, ఇదంతా కలిపితేనే సాధన. మనసు కదలకుండా కూర్చుంటే ధ్యానం కుదిరినట్టు, కదిలితే చెడినట్టు అని ఎవరు చెప్పారో గానీ, ఆ ఒక్క మాట నమ్మి ఎంతమంది మానేశారో నాకు వచ్చే ఉత్తరాలే సాక్ష్యం. ఇరవై మూడు రోజులు, రోజుకి పది నిమిషాలంటే తక్కువలో తక్కువ కొన్ని వందల సార్లు మీరు తప్పిపోయి, తెలుసుకుని, వెనక్కి వచ్చి ఉంటారు. అదంతా లెక్కలోదే. ఎక్కడికీ పోలేదు.

మనసు ఊరూరా తిరగడం మీ ఒక్కరి జబ్బు కూడా కాదు. 2010లో హార్వర్డ్‌లో ఇద్దరు పరిశోధకులు 2,250 మందిని ఫోన్ ద్వారా పగలు ఏ టైమ్‌లో పడితే ఆ టైమ్‌లో అడిగారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎలా అనిపిస్తోంది అని. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. అంటే మెలకువగా ఉన్న టైమ్‌లో సగానికి దగ్గర దగ్గర. ఇంకొకటి కూడా తేలింది, నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది: వాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారన్నది ఏ పని చేస్తున్నారన్న దానికంటే, ఆ పని మీద మనసుందా లేదా అన్న దాన్ని బట్టే ఎక్కువగా తెలిసింది. మనసు తిరిగే చోటు బాగున్నా, పని మీద ఉన్నప్పటికంటే ఎక్కువ సంతోషమేమీ లేదట. ఇక దిగులు వైపు తిరిగితే చెప్పేదేముంది.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఈ పేరు ఇంగ్లీషులో వింటున్నాం కాబట్టి ఇదేదో బయట నుంచి వచ్చిన ఫ్యాషన్ అనిపిస్తుంది. పాళీలో దీని మాట సతి, సంస్కృతంలో స్మృతి. స్మృతి అంటే గుర్తుండటం. ఎప్పటిదో గుర్తుండటం అని కాదు ఇక్కడ, ఇప్పుడు ఎక్కడున్నాను, ఏం చేస్తున్నాను అన్నది గుర్తుండటం. రీస్ డేవిడ్స్ అనే పాళీ పండితుడు 1881లో ఆ ‘సతి’కి మైండ్‌ఫుల్‌నెస్ అని ఇంగ్లీషు మాట పెట్టాడు, అప్పటి నుంచి అదే నిలబడింది. బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో కళ్లు మూసుకుని ఊపిరి గమనించడం ఒక భాగమే. నడుస్తుంటే నడుస్తున్నానని తెలిసి ఉండాలి, నిలబడితే నిలబడ్డానని, తింటున్నా తాగుతున్నా నములుతున్నా, మాట్లాడినా ఊరుకున్నా, చివరికి దొడ్డికి వెళ్లినా తెలిసి ఉండాలని అందులో ఉంది. కాబట్టి ఇంటి పనుల మధ్యే చేసుకునే దారి ఉందా అని మీరు అడిగింది పక్కదారి ఏమీ కాదు. మీ తెనాలికి కాస్త దూరంలోనే ఉన్న అమరావతి స్తూపం దగ్గర ఈ మాటలు వల్లె వేసిన భిక్షువులు రెండు వేల ఏళ్ల కిందట తిరిగారు. మనకి కొత్తేమీ కాదు.

అంత దూరం కూడా వద్దు, మన ఇళ్లల్లో వాడే మాటలు చూడండి. చెయ్యి కాల్చుకున్న పిల్లని అమ్మ ఏమంటుంది? ‘ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి’ అంటుంది. ఒళ్లు ఇక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది? అయినా అలాగే అంటాం, ఎందుకంటే మనిషి ఇక్కడ నిలబడి ఉన్నా తను ఇక్కడ లేదని చూస్తేనే తెలిసిపోతుంది. ఇంకో మాట, చిరాకు పరాకు. పరాకు అంటే ధ్యాస తప్పడం. ఆ రెంటినీ జంట చేసి పలికిన వాళ్లు ఊరికే పలకలేదనిపిస్తుంది నాకు. మీరు ఏ రోజు ఇంట్లో అందరి మీదా అరిచారో ఆ రోజు గుర్తు చేసుకోండి, పొద్దుటి నుంచీ చేతులు ఒక చోట, మనసు ఒక చోట ఉండి ఉంటాయి.

ఇక పాల సంగతి. మీకు పొద్దున్నే ఐదింటికి లేచి కొత్తగా ఇంకో పని చెయ్యమని చెప్పను. లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఒకదాని వెనక ఒకటి పనులున్న మనిషికి ధ్యానం కూడా ఒక పనిలా జాబితాలో చేరితే, చెయ్యలేకపోయిన రోజున ఇంకో తప్పు చేసినట్టు ఉంటుంది, అంతకు మించి ఒరిగేదేమీ లేదు. యాప్ తీసెయ్యండి, కావాలనుకుంటే తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. పాలు ఎలాగూ కాస్తారు కదా. రోజూ పాలు పొయ్యి మీద పెట్టి, ఈలోపు ఇడ్లీ రేకులకి నూనె రాసేద్దాం, ఈలోపు బాబుని లేపుదాం, ఈలోపు వాట్సాప్‌లో స్కూల్ గ్రూపు చూద్దాం అనుకుంటాం. ఆ ‘ఈలోపు’ల్లోనే పాలు పొంగుతాయి. రేపటి నుంచి ఈలోపులు వద్దు. పాలు పెట్టాక పొంగేదాకా అక్కడే నిలబడండి. లీటరు పాలైతే ఐదారు నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ అక్కర్లేదు, గిన్నె అంచున మొదటి బుడగలు కనపడ్డ దగ్గర్నుంచి దించే దాకా చాలు. ఫోన్ చేతిలో లేకుండా.

ఏం చూడాలి అంటారేమో. చాలా ఉంది చూడటానికి. ముందు ఏమీ ఉండదు, తెల్లగా నిశ్చలంగా ఉంటాయి. కాసేపటికి గిన్నె అంచు చుట్టూ సన్నటి బుడగలు పూసల్లా కడతాయి, మధ్యలో ఇంకా ఏమీ కదలదు. సన్నగా సర్రుమని ఒక చప్పుడు మొదలవుతుంది, అది మీరు ఇన్నేళ్లలో విని ఉండరు. పైన పల్చగా మీగడ పొర కడుతుంది, ఆ పొర కింద ఆవిరి చేరుతుంది, బయటికి పోయే దారి లేక పొరని పైకి నెడుతుంది, అందుకే మంచినీళ్లు మరిగితే పొంగిపోవు గానీ పాలు పొంగుతాయి. పొర ముందు ఒక చోట ఉబ్బుతుంది, తర్వాత ముడతలు పడుతుంది, అప్పుడు సర్రుమనే చప్పుడు ఆగిపోయినట్టుంటుంది, ఆగిందే అనుకునే లోపు మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. ఆ లేచే క్షణంలో మీ చెయ్యి దానంతట అదే స్టవ్ నాబ్ మీదికి వెళ్తుంది. ఆ చెయ్యి వెళ్లడం కూడా గమనించండి. పాల వాసన, మోచేతికి తగిలే సెగ, అరికాళ్ల కింద చల్లటి గచ్చు. అంతే.

ఈ కాసేపట్లో కూడా మీకు క్యారేజీ గుర్తొస్తుంది, కాలేజీలో ఫీజు రిజిస్టర్ గుర్తొస్తుంది, ఆడపడుచు అన్న మాట గుర్తొస్తుంది. రానివ్వండి. గుర్తొచ్చిందని తెలిసిన వెంటనే మళ్లీ పాల వంక చూడండి. మిమ్మల్ని మీరు తిట్టుకోవడం, ఛ మళ్లీ పోయిందే అనుకోవడం ఇవేవీ అక్కర్లేదు, అవి కూడా ఆలోచనలే, వాటిని కూడా వదిలేసి పాల దగ్గరికి రండి. ఊపిరితో పది నిమిషాలు కూర్చోవడం కంటే మీకు ఇది తేలికగా ఉంటుందని ఎందుకంటున్నానంటే, ఊపిరి పొంగిపోదు. పాలు ఊరుకోవు, మీరు లేకపోతే స్టవ్ అంతా పాలు చేసి మరీ చెబుతాయి. కొత్తగా నేర్చుకునే వాళ్లకి అలా చెప్పే గురువు కావాలి.

ఒక నెల ఈ ఒక్కటే చెయ్యండి. ఇంకోటి కలపొద్దు. మీలాంటి వాళ్ల సంగతి నాకు తెలుసు, ఇది బాగుందనిపించగానే గిన్నెలు తోమేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ముగ్గు వేసేటప్పుడు, అన్నిట్లోనూ మొదలుపెట్టేస్తారు, వారానికి అలిసిపోయి అన్నీ వదిలేస్తారు. రోజంతా ఎరుకతో ఉండటం ఎవరి వల్లా కాదు, మీరు అలా ఉండాలని ఎవరూ అడగటం లేదు. బస్సులో కూర్చున్నప్పుడు నిద్రొస్తే నిద్రపోండి. మీ జీవితంలో అది మిగిలిన ఒక్క విశ్రాంతి అయి ఉండొచ్చు, దాన్ని కూడా సాధన చెయ్యకండి.

తిండి విషయంలో మాత్రం ఒక చిన్న మాట. అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో, తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం కొన్ని వారాల శిక్షణ మొదలుపెట్టాడు, ఇప్పుడు ఆసుపత్రుల్లో ఆఫీసుల్లో మైండ్‌ఫుల్‌నెస్ అని నేర్పేదానికి చాలావరకు మూలం అదే. అందులో మొదట్లో చేయించేది ఒక ఎండుద్రాక్ష పండు తినడం. చేతిలోకి తీసుకుని చూసి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, నెమ్మదిగా కొరికి, ఒక్క పండు కొన్ని నిమిషాల పాటు. మనకి ఎండుద్రాక్షెందుకు, అన్నంలో మొదటి ముద్ద ఉంది. మీరు మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ తీసినప్పుడు, చల్లారిన అన్నమే కావచ్చు, మొదటి ముద్ద ఒక్కటి రుచి తెలిసేలా తినండి. పప్పులో ఉప్పెంతుందో, తాలింపులో ఇంగువ తెలుస్తోందో లేదో. పొద్దున్నే లేచి వండింది మీరే, మీ చేతి వంట మీరు ఎన్నాళ్ల కిందట రుచి చూశారో ఒకసారి ఆలోచించండి. రెండో ముద్ద నుంచి పక్క సీటావిడతో కబుర్లు చెప్పుకుంటూ తినండి, తప్పేం లేదు. నెల తర్వాత కలుపుకోవాలనిపిస్తే కలుపుకోవాల్సింది ఇదే.

ఇప్పుడు పాప సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది అదే.

చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర పడుకుని కథ వింటుంటే ఊ కొట్టమనేది. ఊ ఆగిపోయిందంటే పిల్ల నిద్రపోయిందని లెక్క. ఊ అంటే నేనిక్కడే ఉన్నాను, నువ్వు చెప్పు అని. ఇప్పుడు అదే ఊ మనం ఇక్కడ లేమని చెప్పే చప్పుడైపోయింది, పిల్లలకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. మనకి తెలియదు, వాళ్లకి తెలుస్తుంది. మీ పాప అడిగింది కాబట్టి మీకు తెలిసింది, అడగని పిల్లలు చాలామంది.

మా నాన్న సంగతి చెప్తాను. ఆయన చివరి ఏడాది మా ఇంట్లోనే ఉన్నారు. సాయంత్రం పూట వరండాలో పడక కుర్చీలో కూర్చుని, నేను ఆఫీసు నుంచి రాగానే ఏదో ఒకటి చెప్పేవారు. ఒక రోజు నేను మర్నాటికి ఇవ్వాల్సిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాను. ఆయన చాలాసేపు చెప్పారు. వాళ్ల అమ్మ గురించి, వాళ్ల ఊళ్లో చెరువు గట్టు మీద ఏదో జరిగిందని, అంతవరకే నా చెవిన పడింది. నేను ఊఁ, ఊఁ అంటూనే ఉన్నాను. చివర్లో ఆయన నవ్వారు, నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండా. తర్వాత మూడు రోజులకి ఆయన ఆసుపత్రిలో చేరారు, మాట పడిపోయింది, మళ్లీ ఇంటికి రాలేదు. ఆ చెరువు గట్టు మీద ఏం జరిగిందో మా చుట్టాల్లో అందరినీ అడిగాను. ఎవరికీ తెలియదు. ఆ కాగితాలు ఏ పని మీదవో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

మీకు భయం పెట్టాలని చెప్పలేదు. మీ పాప పక్క గదిలోనే ఉంది, మీకు బోలెడు రోజులున్నాయి. ధ్యానం నేర్చుకోవాలని మీకు అనిపించింది ఊరికే మనశ్శాంతి కోసమైతే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఎదుటి మనిషి చెప్పేది మన చెవిన పడటం కోసం అది కావాలి.

ఎలా అంటే, పాప వంటింట్లోకి వచ్చి మాట మొదలుపెట్టినప్పుడు రెండే దారులు పెట్టుకోండి. ఒకటి, చేతిలో పని ఆపగలిగితే ఆపి, స్టవ్ సిమ్‌లో పెట్టి, తన వైపు తిరగడం. పూర్తిగా తిరగడం, మెడ ఒక్కటే కాదు. రెండు, ఆపలేకపోతే ఆ మాటే చెప్పడం: ‘అమ్మలూ, ఈ తాలింపు అయ్యేదాకా నువ్వు చెప్పేది నా బుర్రకెక్కదు, ఐదు నిమిషాలాగు, కూర్చుని వింటా’ అని. చెప్పాక ఐదు నిమిషాలకి మీరే వెళ్లి అడగాలి, తను మళ్లీ రావాలని ఎదురుచూడకూడదు. సగం చెవితో వినే మూడో దారి ఉంది చూశారూ, దాన్ని మాత్రం వదిలెయ్యండి. వినేటప్పుడు కూడా మనసు పరిగెడుతుంది, ముఖ్యంగా పదో తరగతి పిల్ల కాబట్టి తను ఒక ముక్క అనగానే మీకు సలహా తయారవుతుంది, ‘అందుకే చెప్పాను ఆ పిల్లతో తిరగొద్దని’ లాంటిది నాలుక చివరి దాకా వస్తుంది. పాల పొర ఉబ్బినట్టే ఉంటుంది అది. ఉబ్బుతోందని చూసి, తన మాట అయ్యేదాకా ఊరుకోండి. చాలాసార్లు వాళ్లకి సలహా అక్కర్లేదు.

కోపం కూడా ఇలాగే. రాత్రి తొమ్మిదింటికి అత్తయ్యగారు ‘షుగర్ బిళ్ల వేసుకున్నానా లేదా’ అని మూడోసారి అడుగుతారు అనుకోండి. నోట్లోంచి మాట రాకముందే ఒంట్లో ఏదో జరుగుతుంది, కొందరికి దవడలు బిగుస్తాయి, కొందరికి చెవులు వేడెక్కుతాయి, నాకైతే పొట్ట పైభాగంలో గట్టిగా పట్టేసినట్టుంటుంది. మీకు ఎక్కడ మొదలవుతుందో నాలుగైదు సార్లు చూస్తే తెలిసిపోతుంది. తెలిశాక కోపం రాకుండా పోదు. కానీ వచ్చిందని తెలియడానికీ అరవడానికీ మధ్య ఒక్క ఊపిరంత జాగా దొరుకుతుంది, ఆ జాగాలో ‘వేసుకున్నారు అత్తయ్యా’ అని మామూలుగా చెప్పడం కుదురుతుంది. అన్నిసార్లూ కుదరదు. బిళ్లల సంగతికైతే వారానికి సరిపడా ఏడు గళ్ల డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది, అది తెచ్చి పెడితే ఆవిడే చూసుకుంటారు, మీ ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది. ప్రతిదానికీ ఎరుకే మందు అనుకోకూడదు, డబ్బాతో పోయేదానికి డబ్బా చాలు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి, మీరు అడక్కపోయినా. మీ రోజు చూస్తే తెల్లవారుజాము నుంచి వంట, క్యారేజీలు, బస్సు, ఆఫీసు, మళ్లీ బస్సు, మళ్లీ వంట, పిల్లల చదువు, అత్తయ్యగారి మందులు. ఇందులో మీ వారి పేరు ఒక్కచోటే వచ్చింది, మీకు మతిమరుపు ఎక్కువైందని చెప్పిన చోట. ఆయన మీద నాకు కోపమేమీ లేదు, ఆయన సరదాకి అని ఉండొచ్చు. కానీ నలుగురి గుర్తులన్నీ ఒక్క మనిషి తల్లో ఉంటే ఆ తలకి మరుపు రాక ఏం వస్తుంది? గ్యాస్ ఎప్పుడు బుక్ చెయ్యాలి, బాబు యూనిఫామ్ ఏ రోజు తెల్లది, కరెంటు బిల్లు ఆఖరి తేదీ, అత్తయ్యగారికి రక్త పరీక్ష, ఇవన్నీ మోస్తూ ‘ఈ క్షణంలో ఉండండి’ అంటే ఎలా ఉంటారు. మోయలేని బరువుని నవ్వుతూ మోయడం నేర్పడానికి మైండ్‌ఫుల్‌నెస్ వాడుకునే వాళ్లున్నారు, కొన్ని ఆఫీసుల్లో కూడా పని తగ్గించకుండా ఒక క్లాసు పెట్టి ఊరుకుంటారు, అది నాకు నచ్చదు. ఒక ఆదివారం ఆయనతో కూర్చుని ఈ గుర్తుంచుకునే పనులన్నీ కాగితం మీద రాయండి. చేసే పనులు కాదు, గుర్తుంచుకునేవి. సగం ఆయన పేరున రాయించండి, వాళ్ల అమ్మగారి మందులూ పరీక్షలూ ముందుగా. అప్పుడప్పుడు ‘నేను చెయ్యనా’ అని సాయానికి రావడం వేరు, ఆ పని తనదే కావడం వేరు. ఆయన మర్చిపోయిన రోజున మీరు గుర్తు చెయ్యకండి. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, అయినా వద్దు.

పది రోజుల శిబిరం గురించి. నేను పన్నెండేళ్ల కిందట వెళ్లాను, మంచిది, వెళ్లినందుకు నాకు సంతోషం. గోయెంకాగారి విపశ్యన ధ్యాన పద్ధతిలో హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త అనే కేంద్రం ఉంది, అక్కడ శిక్షణకీ తిండికీ బసకీ డబ్బు తీసుకోరు, పాత విద్యార్థులు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, మాట్లాడకూడదు, ఫోన్ ఇచ్చెయ్యాలి, మొదటి మూడు రోజులు ఊపిరి ఒక్కటే గమనించాలి, తర్వాత ఒంట్లో కలిగే స్పందనలు. తేలికైనది కాదు. నేను అక్కడ నుంచి చాలా నెమ్మదైన మనిషినై వచ్చాననుకున్నాను, ఇంటికొచ్చిన మూడో రోజే పనిమనిషి రాలేదని మా అమ్మాయి మీద అరిచాను, అది ఏడ్చింది. శిబిరం తప్పు కాదది. అక్కడ మాటలుండవు, మనుషులుండరు, పాలు వేరేవాళ్లు కాస్తారు, ఇంట్లో అవన్నీ ఉంటాయి కాబట్టి ఇంట్లో నేర్చుకోవాల్సింది ఇంట్లోనే మిగిలిపోయింది. మీరు వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ ఈ ఏడాది వద్దు. పాప పదో తరగతి పరీక్షలని కాదు, తనతో మాట మళ్లీ కలిసే దాకా మీరు ఇంట్లో ఉండటం మంచిదని నా ఉద్దేశం. ఆ తర్వాత వెళ్తే, ఆ పది రోజులూ ఇల్లు ఎవరు చూసుకుంటారన్నది పైన చెప్పిన కాగితం మీద తేలాలి.

ఒక జాగ్రత్త. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, ఏ కారణం లేకుండా గుండె దడ, ఏడుపు ఆగకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలకి మించి ఉంటే అది పరాకు కాదు, డాక్టర్‌కి చూపించాలి. అలాంటప్పుడు కళ్లు మూసుకుని లోపలికి చూస్తూ కూర్చుంటే కొందరికి ఇంకా ఎక్కువవుతుంది, పది రోజుల మౌనం అయితే అసలు వద్దు. ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, ఏ వేళకైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు. మీ ఉత్తరంలో అలాంటివేమీ నాకు కనపడలేదు, అయినా ఈ సమాధానం చదివేది మీరొక్కరే కాదు కాబట్టి రాశాను. మతిమరుపు అంటున్నారు కాబట్టి ఒకసారి థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు కూడా చేయించుకోండి. మన ఆడవాళ్లలో ఇవి మామూలే, అవి ఉంటే ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకున్నా బుర్ర మొద్దుబారినట్టే ఉంటుంది.

పాప ఆ రోజు చెప్పింది మళ్లీ అడగాలా వద్దా అని మీకు సంకోచం ఉంటుంది. అడగండి. ఈ రాత్రే. భోజనాలయ్యాక, ఫోన్ వంటింట్లో వదిలేసి, తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చోండి. ‘మొన్న నువ్వు చెబుతుంటే నేను వినలేదు. తప్పు నాదే. మళ్లీ చెప్తావా’ అనండి. పని ఎక్కువైందనీ, నాన్నమ్మ పిలిచిందనీ దాని వెనక ఏమీ కలపకండి. ‘ఏం లేదులే’ అంటుంది, పదిహేనేళ్ల పిల్ల వెంటనే చెప్పదు. బతిమాలకండి, లేచి వచ్చెయ్యకండి కూడా. పుస్తకం చదువుకుంటే చదువుకోనివ్వండి, మీరు ఒక పావుగంట అక్కడే ఉండండి. ఫ్యాన్ చప్పుడు వినపడుతుంది, తను పేజీ తిప్పడం వినపడుతుంది. రేపు కూడా వెళ్లి కూర్చోండి.